హాలుకీ డైనింగుకీ మధ్య ఆర్చి: కొలత నుంచి పెయింట్ దాకా

మన అపార్టుమెంట్లలో హాలుకీ డైనింగుకీ మధ్య తలుపు లేని ఓపెనింగ్ ఒకటి ఉంటుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, పైన బీమో లింటలో (ఓపెనింగ్ మీద గోడ బరువు మోసే అడ్డ దూలం). ఇంటీరియర్ చేయించుకునేవాళ్లు ఆర్చి అడిగేది ఎక్కువగా అక్కడే. అడగ్గానే కార్పెంటర్ ఫోన్లో నాలుగు ఫొటోలు చూపిస్తాడు, ఒకటి ఎంచుకోమంటాడు, మర్నాడు పొద్దున్నే ప్లైవుడ్ దిగుతుంది. పని చెడేది ఆ తొందరలోనే. ఫొటోలో ఉన్న ఓపెనింగ్ ఎంత ఎత్తో, ఎంత వెడల్పో ఎవరూ అడగరు. ఆర్చి కుదిరిందా లేదా అన్నది రెండే అంకెలు తేలుస్తాయి: వంపు నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుంది, అక్కడి నుంచి ఎంత పైకి లేస్తుంది. చెక్కా, జిప్సమా, ఇటుకా అన్నది తర్వాతి సంగతి. అందుకే ఈ పోస్టులో చాలా భాగం లెక్కకే పోతుంది, ఓపిక పట్టండి.

ముందు గోడను చూడండి

ఉన్న చదరపు ఓపెనింగ్ పై మూలలు పూడ్చి వంపు తేవడం ఒక పని. గోడ కోసి వంపు తేవడం ఇంకో పని. మొదటిది ఎవరైనా చేయించుకోవచ్చు, ఇంటి బలంతో దానికి సంబంధం లేదు. రెండోది ఇంజినీరు చూడకుండా మొదలుపెట్టకూడదు. ఓపెనింగ్ పైనున్న లింటల్ రెండు పక్కలా కనీసం ఆరేసి అంగుళాలు గోడ మీద కూర్చుని ఉంటుంది. "పక్కన ఓ నాలుగంగుళాలు కోస్తే ఆర్చి వెడల్పుగా వస్తుంది" అని మేస్త్రీ అంటే, ఆ నాలుగంగుళాలూ లింటల్ కూర్చున్న చోటే అని గుర్తుపెట్టుకోండి. బీము అడుగున చెక్కి ఎత్తు పెంచే ప్రసక్తే లేదు. అక్కడ కాంక్రీటు కవరు పాతిక మి.మీ. దాకానే ఉంటుంది, దాని వెనకే ఊచలు.

గోడ దేంతో కట్టారో తెలియకపోతే కనబడని చోట డ్రిల్లుతో చిన్న రంధ్రం వేసి పొడి చూడండి. ఎర్రగా వస్తే మట్టి ఇటుక. తెల్లగా, పిండిలా, డ్రిల్లు ఇట్టే దిగిపోతే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక బ్లాకు. బూడిద రంగులో ఉండి హ్యామర్ లేకుండా డ్రిల్లు ముందుకు పోకపోతే కాంక్రీటు. ఇప్పటి ఎత్తయిన టవర్లలో అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అందరూ మైవాన్ అంటారే దానితో, గోడలన్నీ కాంక్రీటుగానే పోస్తున్నారు. అలాంటి ఫ్లాట్లలో ఏ గోడనూ కోయకూడదు. కలిపే ఆర్చి మాత్రమే.

ఇంకొకటి. మన ఫ్లాట్లలో బీము తొమ్మిదంగుళాలు, కింద గోడ నాలుగున్నర. అంటే బీము ఒక పక్క బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆర్చిని గోడతో కలపాలా, బీముతో కలపాలా అన్నది ముందే తేల్చుకోండి. ఆర్చిని గోడ మందంలోనే కడితే, పొడుచుకు వచ్చిన బీము దాని మీద బరువుగా కనబడుతుంది. ఆ పొడుచుకొచ్చిన భాగం హాలు వైపు ఉంటే మటుకు రెండు పక్క గోడల అంచులనూ తొమ్మిదంగుళాలకు బాక్సింగ్ చేసి (పెట్టెలా చుట్టూ కప్పి మందం పెంచి), ఆర్చిని బీముతో సమంగా తేవడమే మేలు. ఖర్చు కొంత పెరుగుతుంది, కానీ లోతున్న ఆర్చికి వచ్చే నీడ, నిండుతనం సన్న గోడకు రావు.

వంపు ఎక్కడ మొదలవ్వాలి

ఏడడుగులంటే 84 అంగుళాలు. ఆర్చి నడినెత్తి దగ్గర చెక్క మందం సున్నా కాకూడదు, విరుగుతుంది. అక్కడ కనీసం రెండంగుళాలు నిండుగా ఉంచాలి. అంటే నడినెత్తి నేల నుంచి 82 అంగుళాల్లో ఉంటుంది. ఇక్కడి నుంచి కిందికి లెక్కపెట్టాలి.

అందరికీ ముందు నచ్చేది అర్ధచంద్రాకారం. అందులో పైకి లేచే ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగం. అయిదడుగుల ఓపెనింగ్‌కి అది 30 అంగుళాలు. 82లో 30 తీసేస్తే 52. నాలుగడుగుల నాలుగంగుళాల దగ్గరే వంపు మొదలైపోతుంది, పెద్దవాళ్ల భుజం కన్నా కిందే. పక్కగా నడిస్తే తల తగులుతుంది, దూరం నుంచి చూస్తే ఓపెనింగ్ కుంగినట్టుంటుంది. ఏడడుగుల ఎత్తులో అయిదడుగుల వెడల్పుకు అర్ధచంద్రాకారం వద్దు. ఎంత నచ్చినా వద్దు.

బెడ్‌రూముల వైపు వెళ్లే మూడడుగుల దారికైతే అదే ఆకారం బాగా కుదురుతుంది. ఎత్తు 18 అంగుళాలు, వంపు మొదలు 64 దగ్గర. దానికీ ఒక పరీక్ష ఉంది. ఇనప బీరువా ఎత్తు ఆరున్నర అడుగులు, అంటే 78 అంగుళాలు. ఆ ఎత్తులో ఈ ఆర్చి వెడల్పు 22 అంగుళాలకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. 19 అంగుళాల లోతున్న బీరువా పక్కకు తిప్పితే పోతుంది, ఎదురుగా పోదు. ఆర్చి కట్టకముందే లోపలికి వెళ్లాల్సిన పెద్ద సామాన్ల కొలతలు రాసుకోండి. మంచాల తలాపి చెక్కలు, ఫ్రిజ్, వార్డ్‌రోబ్ షట్టర్లు కూడా.

అయిదడుగుల ఓపెనింగ్‌కి రెండు మంచి దారులున్నాయి. మొదటిది పెద్ద వృత్తంలో ఒక ముక్క, సెగ్మెంటల్ ఆర్చి అంటారు. పైకి లేచే ఎత్తు మనమే ఎంచుకోవచ్చు. 10 అంగుళాలు అనుకుంటే వంపు సరిగ్గా ఆరడుగుల దగ్గర మొదలవుతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. దీని వృత్తానికి వ్యాసార్ధం కనుక్కోవడం తేలిక: వెడల్పును వెడల్పుతో హెచ్చవేసి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, దానికి ఎత్తులో సగం కలపాలి. 60 హెచ్చవేత 60 అంటే 3600. దాన్ని 80తో భాగిస్తే 45. దానికి 5 కలిపితే 50 అంగుళాలు. నాలుగడుగుల వెడల్పు, అడుగు ఎత్తు అయితే ఇదే లెక్కలో వ్యాసార్ధం 30 అంగుళాలు వస్తుంది.

రెండోది దీర్ఘవృత్తం. పైన వెడల్పుగా, పక్కల్లో గుండ్రంగా దిగి గోడలో కలిసిపోతుంది. మా ఓటు దీనికే. సెగ్మెంటల్ ఆర్చి గోడను కలిసే చోట మూల ఒకటి మిగిలిపోతుంది, దీర్ఘవృత్తానికి ఆ మూల ఉండదు. అయిదడుగుల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు తీసుకోండి. నేల మీద పరచిన షీటుపై 60 అంగుళాల గీత గీసి, నడిమధ్య నుంచి రెండు పక్కలకూ 24 అంగుళాల దగ్గర ఒక్కో మేకు కొట్టండి. రెండు మేకుల మధ్యా సరిగ్గా 60 అంగుళాల సాగని దారం కట్టండి. పెన్సిల్‌తో ఆ దారాన్ని బిగువుగా లాగుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకు పోతే వంపు దానంతట అదే వస్తుంది. వేరే కొలతలకు మేకు దూరం ఇలా: సగం వెడల్పు వర్గంలోంచి ఎత్తు వర్గం తీసేసి, మిగిలినదానికి వర్గమూలం. 900లో 324 పోతే 576, దాని మూలం 24. ఇక్కడ వంపు 64 అంగుళాల దగ్గర మొదలవుతుంది, కానీ పక్క నుంచి మెల్లగా వంగుతుంది కాబట్టి తలకు అడ్డురాదు. కాటన్ దారం వాడకండి, సాగుతుంది. సన్న జీఐ (జింక్ పూత ఉన్న ఇనప) తీగ గానీ, మేస్త్రీలు వరస కట్టడానికి వాడే నైలాన్ దారం గానీ మంచిది.

చార్మినార్ ఆర్చిలా కొన తేలినది కావాలని, ముఖ్యంగా పూజగదికి, చాలామంది అడుగుతారు. కొన తేలిన ఆర్చిని తేలిగ్గా గీయాలంటే ఓపెనింగ్ రెండు చివరల్లోనూ మేకు పెట్టి, మొత్తం వెడల్పునే వ్యాసార్ధంగా తీసుకుని రెండు వంపులు గీస్తారు. అప్పుడు ఎత్తు వెడల్పులో 87 శాతం దాకా వస్తుంది. మూడడుగుల వెడల్పుకే 31 అంగుళాలు. ఏడడుగుల ఓపెనింగ్‌లో వంపు 51 అంగుళాల దగ్గర మొదలైపోతుంది. 1591లో చార్మినార్ కట్టినవాళ్లకు ఎత్తుకు కొదవ లేదు, మనకు ఫ్లాటులో స్లాబు అడ్డం. నాలుగు వంపులతో గీసే చదును కొన ఆర్చి అయితేనే కుదురుతుంది, లేదా గోడలోని చిన్న గూటికి సరిపెట్టుకోవాలి.

ఫర్మా, ఆ తర్వాతే ప్లైవుడ్

గీసిన వంపును పాత కార్టన్ అట్ట మీద కోసి, ఓపెనింగ్‌లో మాస్కింగ్ టేపుతో అతికించండి. రెండు రోజులు అలాగే ఉంచండి. సోఫాలో కూర్చుని, వీధి గుమ్మం దగ్గర నుంచుని, వంటింట్లోంచి చూడండి. ఇంట్లో అందరికన్నా పొడుగున్నవాళ్లను అటూ ఇటూ నడవమనండి. అట్ట మార్చడానికి పది నిమిషాలు చాలు, చెక్క మార్చాలంటే షీటు పోతుంది.

నచ్చాక 6 మి.మీ. ప్లై మీద ఫర్మా, అంటే ఆ వంపు అచ్చు, కోయండి. అంచును ఎమరీ పేపర్‌తో నునుపు చేయండి, ఎందుకంటే ఈ అంచులోని ప్రతి గుంటా అసలు ఆర్చిలోకి దిగుతుంది. పెయింటింగ్ పూర్తయ్యేదాకా ఈ ఫర్మాను పారేయనివ్వద్దు. లప్పం పెట్టేటప్పుడు వంపు సరిచూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

ఓపెనింగ్ వెడల్పును ఒక్క చోట కొలిస్తే చాలదు. కింద, నడుమ, వంపు మొదలయ్యే చోట మూడు కొలతలు తీయండి, గుండు వేలాడదీసి రెండు అంచుల నిలువూ చూడండి. అర అంగుళం తేడా మన ఇళ్లల్లో మామూలే. ఆ తేడాను ఆర్చితో సర్దకూడదు, ముందు గోడ అంచును ప్లాస్టరింగ్‌తో నిలువు చేయాలి. వంపు నిలువు గీతలోకి జారిపోతున్నట్టు కలవాలి. అంచు వాలితే కలిసే చోట విరుపు కనబడుతుంది, ఎన్ని కోట్లు పెయింట్ వేసినా అది దాగదు.

చట్రం కట్టడం

నాలుగున్నర గోడకు రెండు పక్కలా సిమెంట్ పూత కలిపితే మందం ఇంచుమించు 150 మి.మీ. అనుకుందాం. మీ గోడను కొలిచి అంకె మార్చుకోండి. ముందూ వెనకా 12 మి.మీ. ప్లై, దాని మీద 12.5 మి.మీ. జిప్సం బోర్డు, దాని మీద లప్పానికి ఒకటిన్నర మి.మీ. అంటే ఒక్కో పక్క 26 మి.మీ. రెండు పక్కలూ పోగా మధ్యలో 98 మి.మీ. మిగులుతుంది. రెండు ప్లై ముఖాల మధ్య పెట్టే రీపర్ (సన్న చెక్క పట్టీ) ముక్కలు ఆ 98 మి.మీ.కే కోయాలి. ఈ లెక్క వేయకుండా "సుమారుగా నాలుగంగుళాలు" అని పెడితే ఆర్చి గోడకన్నా ఇంచుమించు ఒక సూత్రం (అంగుళంలో ఎనిమిదో వంతు) బయటికి వస్తుంది. అప్పుడు దాన్ని కప్పడానికి చుట్టూ బీడింగ్ కొట్టాల్సి వస్తుంది.

వంపు లోపల కూడా ఇంతే. లోపలి వంపుకు అతికించే పొర 12 మి.మీ., లప్పం ఒకటిన్నర, కలిపి 13.5. కాబట్టి ప్లైని అసలు వ్యాసార్ధం కన్నా 13.5 మి.మీ. ఎక్కువకు కోయాలి. 50 అంగుళాలంటే 1270 మి.మీ., ప్లై మీద గీయాల్సింది 1284. దీర్ఘవృత్తమైతే ఫర్మా గీతకు సమాన దూరంలో ఇంకో గీత లాగాలి, కొత్త మేకులతో ఇంకో దీర్ఘవృత్తం గీస్తే దూరం సమంగా రాదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. సెగ్మెంటల్ ఆర్చికి ఒక్కో ముఖం 60 అంగుళాల పొడుగు, 12 అంగుళాల వెడల్పు. రెండూ ఎనిమిదడుగులు నాలుగడుగుల ఒకే షీటులో వచ్చి, మధ్య ముక్కలకు కూడా మిగులుతుంది. దీర్ఘవృత్తానికైతే వెడల్పు 20 అంగుళాలు, అదీ ఒక్క షీటులోనే సరిపోతుంది. ఆరు నాలుగుల జిప్సం బోర్డు ఒకటి. ప్లై బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది తప్పదు. చెదల బెడద ఉన్న గ్రౌండ్ ఫ్లోరులో ప్లై మానేసి జీఐ చానెళ్ల చట్రం కట్టించండి. వాష్ ఏరియా పక్కన తేమను తట్టుకునే ఆకుపచ్చ రంగు బోర్డు వాడాలి.

బీముకు బిగించడానికి 8 మి.మీ. రంధ్రం, 80 మి.మీ. పొడుగు ప్లగ్గు స్క్రూలు, అడుగుకొకటి చొప్పున. ప్లగ్గు సిమెంట్ పూతలోనే ఆగిపోకూడదు, దాటి కాంక్రీటులోకి దిగాలి. డ్రిల్లుకు ఊచ తగిలితే గట్టిగా నొక్కకండి, రంధ్రాన్ని ఒక అంగుళం పక్కకు జరపండి. ఏఏసీ బ్లాకు గోడలో హ్యామర్ మోడ్ ఆపేసి మామూలుగా తిప్పాలి, ఆ బ్లాకుల కోసం చేసిన ప్లగ్గులే వాడాలి. మామూలు ప్లగ్గు వారంలో వదులవుతుంది. స్విచ్ బోర్డు పక్కనే ఉంటే దాని పైపు నిలువుగా స్లాబు దాకా పోయి ఉంటుంది, ఆ దారిలో రంధ్రం వేయకండి.

లోపలి వంపుకు రెండు పద్ధతులు. మొదటిది, 4 మి.మీ. ఫ్లెక్సీ ప్లై మూడు పొరలు, మధ్యలో ఫెవికాల్, చిన్న మేకులు. ఫ్లెక్సీ ప్లై ఒక్క దిక్కుకే వంగుతుంది. షాపులో అడిగేటప్పుడే పొడుగు దిక్కుకు వంగేది కావాలని చెప్పండి. మన సెగ్మెంటల్ వంపు పొడుగు 64 అంగుళాల పైన ఉంటుంది కాబట్టి, అడ్డ దిక్కుకు వంగేది తెస్తే నాలుగడుగుల పట్టీలే వచ్చి మధ్యలో అతుకు పడుతుంది. దీని పైన సిమెంట్ లప్పం రుద్దకూడదు, చెక్క ప్రైమర్ వేసి ఆక్రిలిక్ లప్పం పెట్టాలి. రెండోది మామూలు 12.5 మి.మీ. జిప్సం బోర్డు పట్టీనే వంచడం. వెనక వైపు కాగితాన్ని అంగుళానికొక గాటు చొప్పున అడ్డంగా కోసి, ఒక్కో గాటు దగ్గర మెల్లగా విరవాలి. ముందు కాగితం తెగకూడదు, వంపును పట్టి ఉంచేది అదే. 50 అంగుళాల వ్యాసార్ధానికి అంగుళం గాట్లు చాలు. మూడడుగుల అర్ధచంద్రానికి అర అంగుళానికి ఒకటి కోయాలి, లేకపోతే పలకలు పలకలుగా కనబడుతుంది. 12.5 మి.మీ. బోర్డును గాట్లు పెట్టకుండా ఈ వంపుకు తెద్దామని చూస్తే మధ్యలో విరుగుతుంది. ఈ పద్ధతికి ప్లై వ్యాసార్ధంలో కలిపేది 14 మి.మీ. బోర్డుకు 25 మి.మీ. స్క్రూలు, ఆరంగుళాలకొకటి. స్క్రూ తల కాగితాన్ని చీల్చకుండా కొద్దిగా లోపలికి దిగితే చాలు. మామూలు నల్ల స్క్రూలు తేమకు తుప్పుపట్టి లప్పంలోంచి గోధుమరంగు చుక్కలు బయటపెడతాయి, జింక్ పూత ఉన్నవి అడగండి.

వంపు కొన దగ్గర కష్టం

ఈ పనంతట్లో కష్టమైన చోటు ఒకటుంది. వంపు గోడను కలిసే కొన. చెక్క అక్కడ సన్నగా సాగి సాగి సున్నా అవుతుంది, కానీ లోపలి వంపుకు అతికించిన పొర మందం మాత్రం 13 మి.మీ. అలాగే ఉంటుంది. దాంతో గోడ అంచు మీద ఒక మెట్టు మిగులుతుంది. చాలా ఆర్చిలను ఆ మెట్టే పట్టిస్తుంది. లప్పంతో మెట్టును కిందికి లాగి సర్దుతారు, ఆరు నెలలకు అది పెచ్చుగా లేస్తుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఓపెనింగ్ ఇరుకైతే, వంపు మొదలయ్యే చోటు నుంచి కిందికి ఆరెనిమిది అంగుళాల మేర గోడ అంచు ప్లాస్టరింగ్‌ను ఉలితో 13 మి.మీ. లోతు చెక్కాలి. పట్టీ చివర అందులో కూర్చుని గోడతో సమమవుతుంది. ఓపెనింగ్ వెడల్పైతే, పట్టీని నేల దాకా కిందికి దించేయడం ఇంకా మంచిది. రెండు అంచులకూ అదే బోర్డు వస్తుంది, అతుకే ఉండదు. అలా చేస్తే వెడల్పు 60 నుంచి ఇంచుమించు 59 అంగుళాలకు తగ్గుతుంది, లెక్క మళ్లీ వేసుకుని ఫర్మా కోయాలి. స్కర్టింగ్ టైలు దగ్గర బోర్డును నేలకు అర అంగుళం పైన ఆపండి, ఇల్లు తుడిచే నీళ్లు పీల్చకుండా.

పగుళ్లు ఎందుకొస్తాయి

చెక్క, జిప్సం, సిమెంట్ పూత మూడూ తేమకూ ఎండకూ ఒకేలా కదలవు. కొత్త ఆర్చి పాత గోడను కలిసే గీత మీద వర్షాకాలం దాటగానే వెంట్రుక మందాన పగులు వస్తుంది. మేస్త్రీ లప్పం పూసి రంగు వేస్తాడు, వేసవిలో మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది. అతుకు దగ్గర పాత పెయింటునూ లప్పాన్నీ రెండంగుళాల వెడల్పు గీకి సిమెంట్ దాకా పోవాలి. 3 మి.మీ. సందు వదిలి, దాన్ని పెయింట్ పట్టే ఆక్రిలిక్ సీలెంట్‌తో నింపాలి. అది ఆరాక ఫైబర్ మెష్ టేపు, దాని మీద జాయింటింగ్ కాంపౌండ్ మూడు పలచని కోట్లు, ఒక్కోటి ఆరాకే ఇంకోటి, ఒక్కో కోటూ ముందుదానికన్నా వెడల్పుగా. ఒకేసారి మందంగా పెడితే ఆరుతూ కుంచించుకుపోయి అదే చీలుతుంది.

తెల్ల సిమెంట్ లప్పాన్ని జిప్సం మీద నేరుగా రుద్దడం మనవాళ్లకు అలవాటు. అది సిమెంట్ గోడకు చేసిన సరుకు. బోర్డు కాగితం దానిలోని నీళ్లను పీల్చేస్తే సరిగ్గా పట్టుకోదు. బోర్డుకు ముందు ప్రైమర్, తర్వాతే లప్పం.

వంపు అంచుకు మామూలు ఎల్ ఆకారపు పీవీసీ బీడ్‌నే తీసుకుని, ఆర్చి ముఖం మీదికి వచ్చే రెక్కను అంగుళానికొక చోట కత్తిరిస్తే అది వంగుతుంది. బీడ్ పెట్టాక, లప్పం పెట్టకముందే ఫర్మా ఆనించి చూడండి. ఈ దశలో సరిచేయడం నిమిషం పని.

అసలు ఇటుక ఆర్చి

ఇండిపెండెంట్ ఇంట్లో ఎర్ర ఇటుక కనబడేలా కట్టించుకోవాలనుకునేవాళ్లకు ఇది. పైన లింటల్ ఉండి బరువు దాని మీదే ఉంటే ఆర్చి తన బరువు మాత్రమే మోస్తుంది, భయం లేదు. అయినా ఇటుక ఆర్చి రెండు పక్కలకూ తోస్తుంది. ఎత్తు సగానికి తగ్గిస్తే ఆ తోపు ఇంచుమించు రెట్టింపవుతుంది. కాబట్టి చదును ఆర్చికి పక్కన గట్టి గోడ ఉండాలి, గోడ చివర్లో సన్న స్తంభం లాంటి ముక్క మీద నిలబెట్టకూడదు.

మూడడుగుల అర్ధచంద్రం తీసుకుందాం. లోపలి వంపు పొడుగు 56న్నర అంగుళాలు. ఇటుక మందం రెండుముప్పావు అనుకుంటే, కోయని ఇటుకలు 19 పడతాయి, లోపలి వైపు సందు రెండు సూత్రాలకు కాస్త తక్కువ. ఇటుకను నాలుగున్నర అంగుళాల లోతుకు పెడితే వెలుపలి వైపు సందు ఇంచుమించు అంగుళం అవుతుంది. తొమ్మిదంగుళాల లోతుకు నిలబెడితే ఒకటిన్నర దాటిపోతుంది, ఇటుకకన్నా సిమెంటే ఎక్కువ కనబడుతుంది. ఎదురుగా కనబడే ఆర్చికి నాలుగున్నర లోతే ఉంచి, ఇటుకల కింది కొనను కటింగ్ మిషన్ మీద రెండు పక్కలా రెండేసి సూత్రాలు కోయించండి. అప్పుడు 23 ఇటుకలు పడతాయి, సందు లోపలా బయటా రెండు మూడు సూత్రాలే. సంఖ్య బేసిగా ఉండాలి, నడినెత్తిన ఒక ఇటుక నిండుగా రావాలి కాబట్టి. ఇటుకలను ముందుగా నేల మీద ఫర్మా చుట్టూ పేర్చి నంబర్లు వేసుకుంటే కట్టేటప్పుడు తడుముకోవాల్సిన పనుండదు.

సెంట్రింగ్ (ఆర్చి గట్టిపడేదాకా కింద మోసే చట్రం) గట్టిగా ఉండాలి, దాని కింద ఎదురు ఆప్పులు (ఎదురెదురుగా దూర్చే చెక్క చీలలు) పెట్టాలి, తీసేటప్పుడు మెల్లగా దించడానికి. ఇటుకలు తడిపి, రెండు పక్కల నుంచీ సమంగా పైకి రావాలి. ఒక పక్కే కట్టుకుంటూ పోతే సెంట్రింగ్ జరుగుతుంది. మాలు సిమెంట్ ఒకటికి ఇసుక నాలుగు. వారం రోజులు నీళ్లు పట్టాక సెంట్రింగ్ దించండి.

గూళ్లు, లైట్లు, అద్దె ఇళ్లు

పూజ గూటికి సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మిషన్) మీద పూరేకుల అంచున్న ఆర్చి కోయించి పెట్టడం ఇప్పుడు ఎక్కువైంది. చూపుకు బాగుంటుంది. దీపం నిప్పు మొన నేరుగా పైనున్న రేకుకు తగలకుండా చూసుకోండి. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన బోర్డు) అయితే మసిబారడమే కాదు, వేడికి అంచు ఉబ్బుతుంది కూడా. దీపం పెట్టే చోటును ఆర్చి కన్నా ముందుకు, బయటికి జరిపే గ్రానైటు పలక వేయిస్తే ఆ గొడవ ఉండదు.

ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టాలనుకుంటే వంపు లోపలి వైపు ఏ స్ట్రిప్ అయినా వంగుతుంది. ఆర్చి ముఖం మీద, అంచు వెంబడి గాడిలో పెట్టాలంటే మామూలుది పక్కకు వంగదు, పక్కవాటుగా వంగే నియాన్ ఫ్లెక్స్ తీసుకోవాలి. డ్రైవర్‌ను, అంటే స్ట్రిప్‌కు కరెంటు ఇచ్చే చిన్న డబ్బాను, చట్రం లోపల పెట్టి మూసేయనివ్వకండి. ముందుగా పాడయ్యేది అదే, చెయ్యి పట్టే చోట ఉంచండి.

అద్దె ఇల్లయితే మేకు కొట్టకుండా రంగుతోనే ఆర్చి వేసుకోవచ్చు, ఇంటివాళ్లను అడిగి. గోడ మీద ఒక మేకుకు బదులు ఒకరు దారం కొసను వేలితో అదిమి పట్టుకుంటే ఇంకొకరు గీయవచ్చు. వెడల్పాటి మాస్కింగ్ టేపు వంపులో ముడతలు పడుతుంది. పావు అంగుళం టేపు బాగా వంగుతుంది. టేపు అతికించాక, కొత్త రంగుకు ముందు దాని అంచు మీద పాత గోడ రంగునే ఒక కోటు వేయండి. కిందికి కారేదేదో ఆ రంగే కారి సందు మూసుకుపోతుంది, పైన వేసే కొత్త రంగు అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. రెండో కోటు తడిగా ఉండగానే టేపు లాగేయాలి.

డబ్బు మాట్లాడుకునేటప్పుడు ఆర్చిని చదరపు అడుగుల లెక్కన కాకుండా గుత్తగా మాట్లాడుకోండి. అడుగుల లెక్కైతే కోసేసిన ఖాళీని కూడా కలిపి కొలిచేవాళ్లున్నారు. ప్లై గ్రేడు, బోర్డు మందం, వంపు లోపలి పని, లప్పం ఎన్ని కోట్లు, ఇవన్నీ ఆ ధరలో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి. చివరి బాకీ ఇచ్చే ముందు రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చిని గోడకు ఆనించి వెలుగు వంపు మీద జారేలా పట్టండి. పగలు కనబడని గుంటలూ గడ్డలూ నీడలుగా పైకి తేలతాయి. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, ఆఖరి కోటుకు ముందే ఎమరీ పట్టించండి, ముందు 120 నంబరు, తర్వాత 220.